కష్టమైన మాట ఎక్కడుంది?

(కడపలో బ్రౌన్ స్మారక సభలో చేసిన ప్రసంగం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించినది.)

అధ్యక్షులకు, గ్రంథాలయం పెద్దలకు, కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు నుంచి శ్రమపడి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, వెనక వరసల్లో యూనిఫాంలో కూర్చున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నమస్కారం. పిల్లలను ముందుకు పిలిచి కూర్చోబెట్టమని అడిగాను. ముందు కుర్చీలు పెద్దలకు కేటాయించామన్నారు. సరే, వెనక వరసకు వినబడేట్టు కాస్త గట్టిగా మాట్లాడతాను.

బ్రౌన్ పేరు మీద జరిగే సభలో తెలుగు గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను ఇంగ్లీషు గురించి, అందులోనూ హైస్కూలు పిల్లలు నేర్వాల్సిన పెద్ద ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. నాకైతే ఈ విషయానికి బ్రౌన్‌ను మించిన సాక్షి కనబడడు. పరాయి భాషలో మాటలు పోగుచేసుకోవడం ఎట్లాగో మన కడపలో కూర్చుని, సొంత డబ్బు పెట్టి, జీవితంలో పెద్ద భాగం వెచ్చించి చేసి చూపించినవాడు ఆయన. ఆయన ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చాడు, మన పిల్లలు తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోతున్నారు. తోవ మాత్రం అదే. ఆయన బంగళా శిథిలాల మీద ఈ గ్రంథాలయాన్ని నిలబెట్టిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు కూడా ఇంగ్లీషు చెప్పిన లెక్చరరే అన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. కాబట్టి నేను మరీ దారి తప్పి రాలేదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసులో దిగి, ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో చేరి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. 1820 ఆగస్టులో కడప కలెక్టరుకు సహాయకుడిగా వచ్చేనాటికి ఆయనకు 21 ఏళ్లు. కాలేజీలో పంతులు చెప్పిన తెలుగు వేరు, కచేరీ మెట్ల మీద రైతు మొరపెట్టుకునే తెలుగు వేరు. పరీక్ష పాసైనవాడికి ఆ రెండోది అర్థం కావాలంటే మళ్లీ మొదటి నుంచి చెవులు తెరవాల్సిందే. తర్వాత కొన్నేళ్లకు ఇక్కడే తోటతో సహా బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి పెట్టుకున్నాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దాని వ్యవహారం చూసేవాడు. ఊరూరా తిరిగి తాళపత్రాలు తెప్పించడం, ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు పక్కపక్కన పెట్టి పాఠాలు పోల్చడం, శుద్ధప్రతి రాయించడం, దాని నుంచి మాటలు ఏరడం అక్కడి పని.

మాటలు ఏరిన పద్ధతి గురించి ఒక్క నిమిషం ఆగుతాను. ఆనాటి మన పాండిత్యంలో నిఘంటువంటే ఎక్కువగా పద్యాలో శ్లోకాలో. అమరకోశం కంఠతా పట్టాలి. కంఠతా పట్టడం తప్పేమీ కాదు, కానీ అమరం వచ్చినవాడు కావ్యాల్లో ఆ మాటలను మళ్లీ మళ్లీ కలుసుకున్నాకే పండితుడయ్యాడు. బ్రౌన్ అకారాది క్రమం పెట్టాడు. మాట పక్కన అది ఎక్కడ, ఏ వాక్యంలో, ఎవరి నోట ఎట్లా నడుస్తుందో చూపాడు. ప్రబంధంలోని మాటకూ చోటిచ్చాడు, సంతలో మాటకూ చోటిచ్చాడు. 1852 నుంచి 1854 దాకా మూడు నిఘంటువులు బయటికొచ్చాయి: తెలుగు నుంచి ఇంగ్లీషుకు ఒకటి, ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఒకటి. మూడోదాన్ని జనం అంతగా తలచుకోరు. తెలుగులో కలిసిపోయిన పారసీ, హిందుస్తానీ, ఇంగ్లీషు వగైరా పరాయి మాటల్ని ఏరి చేసిన మిశ్రభాషా నిఘంటువు అది. పండితులు మైలమాటలని పక్కన పెట్టే సరుకు. కానీ అటువంటి మాటలు లేకుండా ఆనాడు కచేరీలో కాగితం కదలదు.

నాకు ఈ మూడో పుస్తకం మీదే మక్కువ. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా దానిలో నుంచే పుట్టింది.

ఇప్పుడు బడికి వద్దాం. పెద్ద ఇంగ్లీషు మాటలంటే మన దగ్గర ఒక అంగడి నడుస్తోంది. రోజుకో మాట, నెలకో జాబితా, ఫోన్లో తక్కువ రోజుల్లో ఎక్కువ మాటలు నేర్పిస్తామనే వీడియోలు. ఒక బడి గోడ మీద రంగురంగుల అక్షరాలతో ‘సెరెండిపిటీ’ అని రాసి పెట్టడం చూశాను. మంచి మాటే. అనుకోకుండా దొరికిన అదృష్టమని కింద తెలుగులో రాశారు. ఆ బడి పిల్లలు అదే వారం గణితం పేపర్లో ‘రెస్పెక్టివ్లీ’ దగ్గర ఆగిపోయారు. రెండు భుజాల పొడవులు రెస్పెక్టివ్లీ 6, 8 సెంటీమీటర్లు అంటే ఏది ఆరో ఏది ఎనిమిదో తెలియక, బొమ్మ తిరగేసి గీశారు. పైథాగరస్ సిద్ధాంతం వాళ్లకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

పదో తరగతి ప్రశ్నపత్రాలు తీసి చూడండి. ‘జస్టిఫై’ అని ఉంటుంది. ‘ఇన్‌ఫర్’ అని ఉంటుంది. ‘డిస్టింగ్విష్’, ‘ఇల్లస్ట్రేట్’, ‘అకౌంట్ ఫర్’. ఇవి ఏ పాఠం వెనకా కష్టపదాల పట్టికలో కనబడవు, ఎందుకంటే ఇవి ఏ ఒక్క పాఠానివీ కావు. సైన్సు మాస్టారు ఇవి ఇంగ్లీషు మాస్టారి పని అనుకుంటాడు. ఇంగ్లీషు మాస్టారు తన పాఠంలోని పద్యం, కథ, వ్యాకరణం ముగించేసరికి సంవత్సరం అయిపోతుంది. ‘ఫోటోసింథసిస్’ పిల్లలకు రాదనుకుంటాం. అది వస్తుంది. ఆ పేరు పాఠం శీర్షికలోనే ఉంటుంది, బొమ్మ ఉంటుంది, మాస్టారు ముప్పైసార్లు పలుకుతాడు. దాని పక్కన నిలబడి ఉన్న ‘వేర్ యాజ్’, ‘హెన్స్’, ‘ప్రొవైడెడ్ దట్’ లాంటి చిన్న మాటలను ఎవరూ పలకరించరు. జవాబు తెలిసిన పిల్ల ప్రశ్న తెలియక మార్కులు పోగొట్టుకోవడం నా సర్వీసులో నేను చూసిన మామూలు దృశ్యం.

ఈ సంగతి లోకంలో కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వందేళ్ల కిందట మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు మాస్టారు బెంగాల్లో, ఢాకాలో పనిచేస్తూ ఇదే లెక్క వేశాడు. అక్కడి పల్లె పిల్లల్లో చాలామంది చదువు మధ్యలో మానేసేవాళ్లు. మానేసిననాడు వాడి చేతిలో ఏం మిగులుతుందని ఆయన అడిగాడు. దానికి ఆయన వాడిన పేరు మన ఇళ్లలో ఎల్‌ఐసీ ఏజెంట్ల పుణ్యమా అని అందరికీ తెలుసు: సరెండర్ వాల్యూ. పాలసీ మధ్యలో ఆపేస్తే తిరిగొచ్చే సొమ్ము. ఎనిమిదో తరగతిలో బడి మానిన పిల్లకు ఇంగ్లీషు సరెండర్ వాల్యూ ఎంత? అలంకారపు మాటలు పది నేర్పితే సున్నా. ఎక్కడ చదివినా ఎదురయ్యే మాటలు నేర్పితే, కనీసం మందు సీసా మీది కాగితమైనా చదువుకుంటుంది. ఆయన 1953లో సుమారు 2,000 మాటలతో ఒక సామాన్య పదజాబితా అచ్చువేశాడు. దాని మీద 2000లో న్యూజిలాండ్‌కు చెందిన ఎవరిల్ కాక్స్‌హెడ్ మరో మెట్టు కట్టింది. కాలేజీ పుస్తకాలను, పరిశోధన వ్యాసాలను జల్లించి, శాస్త్రం ఏదైనా సరే అన్నిట్లోనూ కనబడే 570 పదకుటుంబాలను తేల్చింది. పాఠ్యగ్రంథాల్లోని మాటల్లో సుమారు పదో వంతు అవేనట. నా దృష్టిలో హైస్కూలు దాటే పిల్లకు కావలసిన పెద్ద మాటలంటే ముందు ఇవి. సెరెండిపిటీ తర్వాత తీరిగ్గా రావచ్చు, ఆ మాట అర్థమే అటువంటిది కదా!

ఆ 570లో మరీ తరచుగా వచ్చే మొదటి 60 మాటలు ఒకసారి చదివి చూశాను. చదువుతుంటే నవ్వొచ్చింది. ఏరియా, బెనిఫిట్, కాంట్రాక్ట్, డేటా, ఇన్‌కమ్, లేబర్, మేజర్, పర్సెంట్, పీరియడ్, పాలసీ, సెక్షన్, ఎస్టిమేట్, ఫంక్షన్. ఇవి మనకు కొత్తా? ప్రొద్దుటూరు బస్టాండులో అరగంట నిలబడితే సగం చెవిన పడతాయి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం సచివాలయం చుట్టూ తిరగని ఇల్లు లేదు. లేబర్ దొరకలేదని రైతు, ఎస్టిమేట్ పెరిగిందని ఇల్లు కట్టేవాడు, పీరియడ్ అయిపోయిందని పిల్లలు. సెక్షన్ అంటే 144 సెక్షన్, లేదా పదో తరగతి బి సెక్షన్. మేజర్ అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాడు. ఫంక్షన్ అంటే పెండ్లో, చెవులు కుట్టించడమో, మొత్తానికి భోజనాలు.

కష్టమంతా అక్కడే ఉంది. మాట పిల్ల నోట్లో ఉంది, కానీ ఒక్క అర్థంతో, ఒక్క సందర్భంలో ఉంది. ఇంటర్ గణితంలో ఫంక్షన్ అనగానే వెనక బెంచీలో ఒకడు ‘భోజనాలెక్కడ సార్’ అంటాడు. వాణ్ణి కసురుకునే మాస్టారు మంచి అవకాశం పోగొట్టుకున్నట్టే. ఫంక్షన్ అంటే జరిపే పని, నిర్వహించే పని అని ఒకసారి చెబితే, పెళ్లి ఎందుకు ఫంక్షనో, గుండె ఫంక్షన్ ఏమిటో, గణితంలో ఒక అంకె లోపలికి వేస్తే మరో అంకె బయటికి తెచ్చే ఫంక్షన్ ఏమిటో, మూడూ ఒక్క నిమిషంలో అర్థమవుతాయి. కొత్త మాటను పరిచయం చేయడం కన్నా, తెలిసిన మాటకు రెండో అర్థం ఒప్పించడం కష్టం. అది ఉపాధ్యాయుడి నైపుణ్యం అడిగే పని, జాబితా వల్ల జరిగేది కాదు.

మన కడప, కర్నూలు జిల్లాల నేలలోకి ఇంకొంచెం దిగుతాను. ఇక్కడ నీళ్లంటే బోరు. బోరు వేయించిన ప్రతి ఇంట్లో సబ్‌మెర్సిబుల్ అనే మాట ఉంది. బడి మొహం చూడని అవ్వ కూడా ‘సబ్‌మెర్సిబుల్ కాలిపోయినాది, మెకానిక్కు పోయినాడు’ అంటుంది. ఇంత కష్టమైన లాటిన్ మాట ఏ బడి జాబితాలోనూ లేదు. సబ్ అంటే కింద. పిల్లలకు సబ్‌కలెక్టర్ తెలుసు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు తెలుసు, కరెంటు సబ్‌స్టేషన్ తెలుసు. మిగిలిన ముక్కకు మూలం లాటిన్‌లో మునగడమనే ధాతువు. నీళ్ల కింద మునిగి పనిచేసే మోటరు. అదే ధాతువు నుంచి వచ్చింది ‘ఎమర్జ్’, మునిగినది పైకి తేలడం. ‘ఎమర్జెన్సీ’, ఉన్నట్టుండి పైకి తేలిన ఆపద. 108 వాహనం మీద ఆ మాట చదవని పిల్లలు లేరు. ‘మెర్జ్’, ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. కడప కేంద్రంగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినప్పుడు, బంగారం కుదువపెట్టిన రైతులందరూ ‘బ్యాంకు మెర్జ్ అయిందంట’ అనుకున్నారు. బోరు మోటరు నుంచి బ్యాంకు దాకా ఒకే కుటుంబం. తొమ్మిదో తరగతిలో ఇది బోర్డు మీద గీస్తే పిల్లలు తామే ‘ఇమ్మర్షన్ హీటర్ సార్?’ అని అందుకుంటారు. అందుకున్నారు కూడా.

తెలుగు పండితులు నన్ను మన్నిస్తే ఒక మాట. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అని ఒకే ధాతువుకు ఉపసర్గలు తగిలించి పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నది మీరు. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్ కూడా అదే సంసారం. స్టాఫ్‌రూములో మీ కుర్చీ, ఇంగ్లీషు మాస్టారి కుర్చీ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో టీ గ్లాసులు మారతాయి గానీ ఈ సంగతి మారదు. ఉపసర్గ తెలిసిన పిల్లకు ఇంగ్లీషులో సగం దారి తెలిసినట్టే అని చెప్పాల్సింది మీరే.

అయితే ఈ పద్ధతిని గుడ్డిగా పట్టుకుంటే తమాషాలు జరుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, ‘అందులో ఫార్మర్ ఉండాడు కదా సార్’ అన్నాడు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక రాత్రిళ్లు దాని దగ్గర కాపుకాసేది రైతే కాబట్టి వాడి తర్కంలో నాకు లోపం కనబడలేదు. అయినా స్పెల్లింగ్ చూపించి, ఇందులో ఉన్నది ఫార్మ్, అంటే ఆకారం, యూనిఫాంలో ఉన్నదీ అదేనని చెప్పాను. తన చొక్కా వైపు చూసుకుని కూర్చున్నాడు.

నిఘంటువు సంగతి. కొన్నేళ్లుగా ప్రభుత్వ బడుల కిట్లలో ఆక్స్‌ఫర్డ్ వారి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూడా ఇస్తున్నారు. మంచి పని, ఏ ప్రభుత్వం చేసినా. కానీ నిఘంటువు ఇవ్వడం, నిఘంటువు చూడటం నేర్పడం రెండు పనులు. ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్ల నోటుపుస్తకం చూశాను. మూడు గీతలు కొట్టి మాట, అర్థం, సొంతవాక్యం అని చక్కగా రాసుకుంది. పాఠంలో వేరుశనగ గురించి ఒక వాక్యం ఉంది, ఆ ఏడు ‘యీల్డ్’ తక్కువైందని. అర్థం గడిలో ‘లొంగిపోవు’ అని ఉంది. నిఘంటువులో ముందుగా కనబడిన అర్థం అదే మరి.

“లొంగిపోవడం తక్కువైందంటే ఏమి అమ్మా?” అన్నాను.

“తెలీదు సార్. శెనక్కాయలు ఎవరికీ లొంగలేదేమో.”

“మీకు చేను ఉందా?”

“మూడెకరాలుండాది సార్. బుడ్డలేసినాం.”

“పోయినేడు కాయ పీకినాక మీ నాయన ఏమన్నాడు?”

“ఎకరాకు ఎన్ని మూటలైనాయని లెక్క చూసినాడు. నాలుగే అయినాయి.” ఒక్క క్షణం ఆగింది. “అదా సార్ యీల్డ్?”

అదే. ఆ పిల్ల ఇక ఆ మాటను ఈ జన్మలో మరిచిపోదు. నిఘంటువులో వరసగా నాలుగైదు అర్థాలుంటే, వాక్యం దగ్గరికి తిరిగి వెళ్లి ఏది అతుకుతుందో చూడాలన్న ఒక్క అలవాటు నేర్పితే చాలు. బ్రౌన్ మాట పక్కన వాక్యం ఎందుకు పెట్టాడంటే ఇందుకే. సొంతవాక్యం గడి సంగతి కూడా చెప్పాలి. పిల్లలు అక్కడ గైడు వాక్యం దింపుతారు. రాము, సీత, మామిడిపండ్లు. ‘మా చేను యీల్డ్ ఎకరాకు నాలుగు మూటలు’ అని రాసిన రోజు దాన్ని సొంతవాక్యం అందాం. తెలుగులో రాసినా నాకు అభ్యంతరం లేదు, ఆ ఒక్క మాట ఇంగ్లీషుదైతే.

మరచిపోవడం గురించి ఎక్కువ చెప్పను. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని లెక్క కట్టాడు: నేర్చినది మొదటి రోజుల్లోనే ఎక్కువ జారిపోతుంది, వ్యవధి ఇచ్చి మళ్లీ మళ్లీ తిరగేస్తే నిలుస్తుంది. సోమవారం యాభై మాటలు డిక్టేషన్ పెట్టి వదిలేయడం కన్నా, ఎనిమిది మాటలు చెప్పి మరునాడు, వారానికి, నెలకు అడగడం మేలు. వల్లెవేత తెలిసిన దేశానికి ఇది వేరే చెప్పాలా.

పెద్ద మాటల్లో అసలు పెద్దరికం మరో చోట ఉంది. దగ్గరి దగ్గరి అర్థాలున్న రెండు మాటల్లో ఏది వాడాలో తెలియడం. దీనికి కూడా బ్రౌన్ జీవితంలోనే ఉదాహరణ ఉంది. 1832–33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు తోటి అధికారులు తమ కాగితాల్లో ధాన్యం కొరత, ఇబ్బంది, ‘స్కేర్సిటీ’ అంటూ మెత్తగా రాస్తుంటే, బ్రౌన్ ‘ఫ్యామిన్’ అని రాశాడు. పైవాళ్లకు రుచించలేదు. మనుషులు చస్తున్నప్పుడు ఏ మాట రాయాలన్నది భాష తెలిసినవాడికి ధర్మసంకటం కూడా. తర్వాత 1880ల్లో ప్రభుత్వం కరువు నియమావళి రాసినప్పుడు స్కేర్సిటీ ఒక మెట్టు, ఫ్యామిన్ మరో మెట్టు అని వేరువేరుగా విడగొట్టింది. ఏ మెట్టు అని రాస్తారో దాన్ని బట్టి గంజి కేంద్రాలు తెరవాలా వద్దా అన్నది తేలుతుంది. 1876–78 కరువులో మన జిల్లాల్లో ఎన్ని ఊళ్లు పాడుబడ్డాయో పెద్దవాళ్ల నోట తరతరాలుగా వచ్చింది. వాన పడకపోవడం ‘డ్రౌట్’, తిండి లేక జనం చావడం ‘ఫ్యామిన్’. మనం రెంటినీ కరువనే అంటాం. సాంఘికశాస్త్రం చదివే కర్నూలు పిల్లకు ఈ తేడా తెలియాలి. రేపు ఆ పిల్లే తహసీల్దారై నివేదిక రాయవచ్చు.

కథ ఉన్న మాట నిలుస్తుందనడానికి మన లంకమల అడవిలోనే ఒక పిట్ట ఉంది. కలివికోడి. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. ‘ఎక్స్‌టింక్ట్’, జాతి అంతరించిందని రాసేసుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగేది కాబట్టి ‘నాక్టర్నల్’. ఇక్కడ తప్ప మరెక్కడా లేదు కాబట్టి ‘ఎండెమిక్’. జీవశాస్త్రం పుస్తకంలో ఈ మూడు మాటలు డోడో పక్షి, గబ్బిలం, కంగారూలతో చెబుతారు. సిద్ధవటం, బద్వేలు పిల్లలకు కంగారూ ఎందుకండీ?

మీడియం గొడవలోకి నేను దిగను. 2019లో ఇంగ్లీషు మీడియం మీద ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది. ఏ మీడియంలో చదివినా ఈ మాటలు తప్పవు. మన జిల్లాలో ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీ 2008లో మొదలైంది. పదో తరగతి మార్కుల మీద పల్లె పిల్లలను తీసుకుని ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువులో కూర్చోబెడతారు. మార్చిలో ఊరిబడిలో ఉన్న పిల్ల కొన్ని నెలలకే లెక్చరరు నోట ‘అస్యూమ్’, ‘డిరైవ్’, ‘వేరియబుల్’ వింటుంది. ఈ మూడూ కాక్స్‌హెడ్ మొదటి అరవైలో ఉన్నవే. ఆ పిల్ల అక్కడ ఏడిస్తే తెలివి లేక కాదు. ఆ మూడు మాటలు ముందు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఇంగ్లీషు ఒక పేజీలో, ఎదురు పేజీలో తెలుగు వేసిన ద్విభాషా పుస్తకాలు ఇప్పుడున్నాయి. వాటిని పిల్లలు ఒకవైపే చదివి మూసేస్తున్నారు. తెలుగు పేజీ ముందు చదివించి, విషయం తెలిశాక ఇంగ్లీషు పేజీ చదివించండి. అప్పుడు తెలియని మాట ఒంటరిగా దొరుకుతుంది, పట్టుకోవడం తేలిక.

కర్నూలు మిత్రులు నన్ను ఒక ప్రశ్న అడిగారు: ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉన్న పిల్లల సంగతేమిటని. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఉస్మానియా కాలేజీ పెట్టిన ఊరది, అక్కడి పాతబస్తీలో ఇది ఇంటింటి సంగతి. నా అనుభవంలో ఆ పిల్లలు వెనకబడినవాళ్లు కారు. ఒక వస్తువుకు రెండు పేర్లుంటాయని, ఒక పేరుకు రెండు పనులుంటాయని వాళ్లకు ఉగ్గుపాలతోనే తెలుసు. మూడో భాష మాట వాళ్లను భయపెట్టదు, మనం భయపెడితే తప్ప.

ఇంతకూ నేను అడగదలచింది చాలా చిన్నది. ఉపాధ్యాయులారా, గడిచిన పదేళ్ల పదో తరగతి ప్రశ్నపత్రాలు ముందేసుకుని, అన్ని సబ్జెక్టుల్లోనూ ప్రశ్న అడిగే మాటలను ఏరండి. నూరు దాటవని నా అంచనా. వాటిని ఎనిమిదో తరగతి నుంచే అన్ని సబ్జెక్టుల మాస్టర్లూ పంచుకుని చెప్పండి. గోడ మీద రాయాలనుంటే ‘రెస్పెక్టివ్లీ’ రాయండి. ఈ గ్రంథాలయం పెద్దలకు మరో విన్నపం. బ్రౌన్ చేసిన మూడో నిఘంటువు పని 1854తో ఆగిపోయింది. బోరు బండి దగ్గర, నాపరాయి పాలిష్ మిషన్ల దగ్గర, ఆర్టీసీ గ్యారేజీలో, సచివాలయంలో జనం వాడే ఇంగ్లీషు మాటలను మన రెండు జిల్లాల హైస్కూలు పిల్లల చేత రాయించి, ఒక్కో మాటకు దాని బంధువులను చేర్చి, పలచని పుస్తకంగానైనా అచ్చు వేయండి. తప్పులుంటాయి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కూడా 1903లో వీరేశలింగం గారి వంటివారు కలిసి సవరించాల్సి వచ్చింది, దానివల్ల పుస్తకానికి గౌరవం తగ్గలేదు.

వెనక వరసలోని పిల్లలూ, మీకు ఒక పని. రేపు ఇంట్లో, చేని దగ్గర, అంగట్లో పెద్దవాళ్లు వాడే ఇంగ్లీషు మాటలు విన్నవి విన్నట్టు ఒక కాగితం మీద తెలుగులోనే రాయండి. స్పెల్లింగ్ మీకు రాకపోయినా ఫరవాలేదు, అది మీ మాస్టారి పని. ఆ కాగితం సోమవారం ఆయన చేతిలో పెట్టి, వీటిలో ఒక్కోదానికి ఇంకో అర్థం ఏముందో చెప్పమని అడగండి. చెప్పేదాకా వదలొద్దు.